పిచర్ వెళ్ళిపోయింది, క్యాచర్ ఉంది

వచ్చే సీజన్‌కి మా అమ్మాయిల బేస్‌బాల్ జట్టులో పిచర్ లేదు. మొన్నటిదాకా ఆ బాధ్యత మోసిన అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి, విశాఖలో కానిస్టేబుల్ ఉద్యోగం కోచింగ్‌లో చేరింది. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే అమ్మాయికి మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. ఔట్‌ఫీల్డ్‌లో ఇద్దరికి పరవాడ వైపు ఫార్మా ల్యాబుల్లో ఉద్యోగాలు వచ్చాయి. నలుగురి ఇళ్ళలోనూ సంతోషమే, నాకూ సంతోషమే. కానీ మిగిలినవాళ్ళతో, ఈ ఏడాది ఫస్టియర్‌లో చేరిన కొత్త పిల్లలతో మళ్ళీ జట్టు కట్టాలి. ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరిని ఎక్కడ నిలబెడితే గెలుస్తాం అన్న లెక్క ఇక్కడ విప్పి చెప్తాను. ఈ ఆట ఎప్పుడూ చూడనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్తాను.

నేను అచ్యుతాపురం పక్కన ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పిల్లలకి పీడీ మేడంని. చదువుకునే రోజుల్లో సాఫ్ట్‌బాల్ ఆడాను, తర్వాత బేస్‌బాల్‌కి మారాను. మా పిల్లలు పూడిమడక, హరిపాలెం, కొండకర్ల, చోడపల్లి, రాంబిల్లి నుంచి బస్సుల్లో, ఆటోల్లో వస్తారు. ఇళ్ళలో కొందరిది చేపల వేట, కొందరిది చెరకు, వరి, ఇంకొందరిది కంపెనీ జీతం. బేస్‌బాల్ అన్న మాట కాలేజీకి వచ్చాకే విన్నవాళ్ళే ఎక్కువ.

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఈ ఆట పది నిమిషాల్లో తలకెక్కుతుంది. పలకను మూలమీద నిలబెట్టినట్టు నాలుగు మూలల మైదానం. ఒక మూల హోమ్ ప్లేట్, బ్యాట్ పట్టుకునేది అక్కడ. అక్కడి నుంచి కుడిచేతి వైపు ఫస్ట్ బేస్, ఎదురుగా సెకండ్, ఎడమవైపు థర్డ్. ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు. నాలుగు మూలలూ చుట్టి మళ్ళీ హోమ్ ప్లేట్ తాకితే ఒక పరుగు. మధ్యలో 18.44 మీటర్ల దూరం నుంచి పిచర్ బంతి విసురుతుంది. మంచి బంతుల్ని మూడుసార్లు వదిలేసినా, తప్పినా బ్యాటర్ ఔట్, దాన్నే స్ట్రైకౌట్ అంటారు. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి వెళ్ళిపోవచ్చు. ముగ్గురు ఔటైతే పక్క మారాలి. పురుషుల ఆట 9 ఇన్నింగ్స్, మహిళల ప్రపంచ కప్‌లో 7.

క్రికెట్ అలవాటున్న పిల్లలకి ఒక్కచోటే పెద్ద చిక్కు వస్తుంది. క్రికెట్‌లో బంతిని వెనక్కి, పక్కకి ఎటు తోసినా పరుగు దొరుకుతుంది. ఇక్కడ ఫస్ట్, థర్డ్ బేస్ గీతల మధ్య పడితేనే చెల్లుతుంది, బయటపడితే ఫౌల్. మా ఊళ్ళో టెన్నిస్ బంతి క్రికెట్ ఆడి, కీపర్ తల మీంచి లేపి కొట్టి చప్పట్లు కొట్టించుకున్న అమ్మాయి ఇక్కడ అదే షాట్ కొట్టి, నేను ఫౌల్ అంటే నమ్మలేక నన్ను చూస్తుంది. ఇంకొకటి, బంతి గీతల లోపల నేలమీద పడిందంటే పరుగెత్తక తప్పదు. నాన్‌స్ట్రైకర్‌కి చెయ్యెత్తి ఆపేసే వీలు లేదు.

అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ సీజన్ మొదలవబోతుందంటే పత్రికలు ప్రతి విశ్వవిద్యాలయం జట్టునూ పేరుపేరునా తూచి రాస్తాయి. ఎవరు నాలుగో ఏడు పూర్తిచేశారు, ఎవరిని వృత్తి జట్లు డ్రాఫ్టులో తీసుకున్నాయి, ఎవరు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఇంకో కాలేజీకి మారారు అన్నీ వస్తాయి. 2025-26 నుంచి కోర్టు ఒప్పందం ప్రకారం అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల పురుషుల బేస్‌బాల్ జట్టుకి 34 మంది, సాఫ్ట్‌బాల్‌కి 25 మంది అని పరిమితి పెట్టారు. మాకు 16 మంది వరసగా ఒక వారం గ్రౌండ్‌కి వస్తే పండగే. అయినా మా జట్టును ఆ శ్రద్ధతో తూచి రాయకూడదనేముంది? ఈ పిల్లలు పెట్టే కష్టం అలాంటిదే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో ఆడపిల్లలకి కాలేజీ స్థాయిలో గుర్తింపు పొందిన బేస్‌బాల్ చాంపియన్‌షిప్ లేదు, సాఫ్ట్‌బాలే ఉంది. 2014లో మోనే డేవిస్ అన్న 13 ఏళ్ళ అమ్మాయి లిటిల్ లీగ్ ప్రపంచ పోటీల్లో మగపిల్లల జట్టుకి ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ గెలిపించి దేశమంతా పేరు తెచ్చుకుంది. కాలేజీకి వచ్చేసరికి ఆమె సాఫ్ట్‌బాల్‌కి మారాల్సి వచ్చింది. మన దేశంలో మాత్రం భారత విశ్వవిద్యాలయాల సంఘం అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో మహిళలకి బేస్‌బాల్ విడిగా నడుపుతోంది. 2017లో హాంకాంగ్‌లో జరిగిన ఆసియా మహిళల బేస్‌బాల్‌లో భారత జట్టు ఆడింది. మహిళల ప్రపంచ కప్‌ని 2008 నుంచి జపానే వరసగా గెలుస్తోంది. 2024లో కెనడాలో కూడా అమెరికాని ఓడించింది. అమెరికాలో మహిళల వృత్తి లీగ్ కోసం నాలుగు జట్లతో ఆటగాళ్ళ ఎంపిక 2025 నవంబరులో జరిగితే, ఎంపికైనవాళ్ళలో మోనే డేవిస్ కూడా ఉంది. ఆ వార్త తెలిసిన రోజున మా పిల్లల్ని గ్రౌండ్‌లో కూర్చోబెట్టి ఆమె కథ మొత్తం చెప్పాను.

ఇక మా లెక్క. మొదట పిచర్.

పిచర్ లేకపోతే జట్టే లేదని అందరూ అంటారు. అందుకే పాత అమ్మాయి వెళ్ళిపోయిందని తెలియగానే పిల్లలు దిగాలుపడ్డారు. నా లెక్క వేరు. మా ఇంటర్ కాలేజియేట్ పోటీలు రెండు మూడు రోజుల్లో ముగుస్తాయి, ఒక్కోసారి పొద్దునొక మ్యాచ్, సాయంత్రమొకటి. ఒక్క అమ్మాయి చెయ్యి మీదే ఆధారపడితే ఫైనల్‌కి వచ్చేసరికి ఆ చెయ్యి లేవదు. అమెరికాలో యువ ఆటగాళ్ళ కోసం పిచ్ స్మార్ట్ అని మార్గదర్శకాలు పెట్టుకున్నారు. వాటి ప్రకారం 17, 18 ఏళ్ళవాళ్ళు ఒక రోజులో 105 బంతులు దాటకూడదు. 31 నుంచి 45 బంతులు వేస్తే ఒక రోజు విశ్రాంతి, 46 నుంచి 60 వేస్తే రెండు రోజులు. మోచేతి లోపలి నరంలాంటి బంధనం తెగితే మణికట్టు దగ్గర నుంచి స్నాయువు తీసి అతికే శస్త్రచికిత్స 1974లో టామీ జాన్ అన్న పిచర్‌కి మొదటిసారి చేశారు, ఆపరేషన్‌కి ఆయన పేరే నిలిచిపోయింది. మా పిల్లలకి అలాంటి గాయమైతే ఏ ఇంట్లోనూ అంత డబ్బు లేదు. అందుకే ఈసారి నాకు ఒక గొప్ప పిచర్ అక్కర్లేదు, ఓ మాదిరిగా వేసే ముగ్గురు కావాలి.

ఆ ముగ్గురిని ఎక్కడినుంచి తెస్తున్నానో చెప్తాను. ఒకమ్మాయి హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ పిచర్. సాఫ్ట్‌బాల్‌లో చెయ్యి కిందనుంచి గుండ్రంగా తిప్పి విసురుతారు, మహిళలకి దూరం 13.11 మీటర్లే. ఇప్పుడు ఆమె తలమీంచి, ఇంకో అయిదు మీటర్లు దూరం విసరాలి. భుజం కొత్త పని నేర్చుకోవాలి, అది తొందరపడితే రాదు. మొదట గోడకి దగ్గరగా నిలబెట్టి విసిరిస్తున్నాను, వారానికి కొంచెం వెనక్కి జరుపుతున్నాను. ఆమెలో నాకు నచ్చింది, బ్యాటర్ కళ్ళలోకి చూసి బంతి వేసే ధైర్యం. అది సాఫ్ట్‌బాల్ నుంచే వచ్చింది.

రెండో అమ్మాయి మీడియం పేస్ బౌలర్. ఊళ్ళో అన్నదమ్ములతో ఆడి నేర్చుకుంది. క్రికెట్‌లో మోచెయ్యి వంచి విసిరితే చకింగ్ అని నోబాల్ ఇస్తారు కదా, ఇక్కడ విసరకపోతేనే పనికిరాదు. ఆమెకి ఏళ్ళ తరబడి "చెయ్యి వంచకు" అని చెప్పిన మాట ఒంట్లో నాటుకుపోయింది. దాన్ని పీకడానికి ఆమెని రనప్ లేకుండా మోకాళ్ళమీద కూర్చోబెట్టి విసిరిస్తున్నాను. పైగా బంతి నేలని తాకకుండా బ్యాటర్ మోకాళ్ళకీ ఛాతీకీ మధ్య వెళ్ళాలి. పిచ్‌మీద పడి లేచే బంతి మీద నమ్మకం పెట్టుకున్న అమ్మాయికి ఈ మార్పు కష్టమే. కానీ ముగ్గురిలో వేగం ఆమెదే.

మూడో అమ్మాయి జావెలిన్ విసిరేది. బేస్‌బాల్ చేతిలో పట్టుకోవడం కూడా తెలియదు. మొదటి రోజు బంతి ఆమె చేతిలో పెట్టి, కుట్ల మీద రెండు వేళ్ళు ఎలా పెట్టాలో చూపించాను. ఈ బంతికి 108 జంట కుట్లుంటాయి, ఎర్ర దారంతో. చూపుడు వేలు, మధ్య వేలు కుట్లకి అడ్డంగా వేసి, బొటనవేలు కింద ఆనించి, అరచేతికీ బంతికీ మధ్య కాస్త ఖాళీ ఉంచి వదిలితే బంతి వెనక్కి తిరుగుతూ తిన్నగా పోతుంది. అరచేతిలో ఇరికించి పట్టుకుంటే నెమ్మదిగా, బ్యాటర్‌ని మోసం చేస్తూ వెళ్తుంది. ఆ అమ్మాయి బంతిని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "మేడం, ఇది క్రికెట్ బంతికన్నా తేలికుంది" అంది. సరిగ్గా గమనించింది. పురుషుల క్రికెట్ బంతి 156 గ్రాములకి తక్కువుండదు, ఇది 142 నుంచి 149. వేళ్ళకి ఆ మాత్రం తెలివున్న పిల్లకి మిగతాది నేర్పొచ్చు. ఈ ఏడు ఆమెతో ఒకటి రెండు ఇన్నింగ్సే వేయిస్తాను, వచ్చే ఏడు ఆమే మా పిచర్.

ఇప్పుడు క్యాచర్. నా నమ్మకమంతా ఇక్కడుంది.

హోమ్ ప్లేట్ వెనక గొంతుక్కూర్చుని, ముఖానికి ఇనప మాస్క్, ఛాతీకి కవచం, మోకాళ్ళ నుంచి పాదాలదాకా గార్డులు కట్టుకున్న అమ్మాయి క్యాచర్. మైదానం మొత్తం ఎదురుగా కనిపించేది ఆమె ఒక్కదానికే. మిగతా ఎనిమిది మందీ బ్యాటర్ వైపు చూస్తే, ఆమె ఆ ఎనిమిది మందినీ చూస్తుంది. ఏ బంతి వేయాలో పిచర్‌కి వేళ్ళతో సైగ చేసేది ఆమె, ఫీల్డర్లని జరిపేది ఆమె, బెదిరిన పిచర్ దగ్గరికి నడిచి వెళ్ళి రెండు మాటలు చెప్పి వచ్చేది ఆమె. ఫస్ట్ బేస్‌లో ఉన్న రన్నర్ సెకండ్‌కి దొంగతనంగా పరుగు తీస్తే, కూర్చున్నచోటు నుంచి లేచి దాదాపు 39 మీటర్లు విసరాలి. అమెరికా మేజర్ లీగ్ క్యాచర్ల గ్లోవ్‌లో బంతి పడ్డ క్షణం నుంచి సెకండ్ బేస్ ఫీల్డర్ చేతికి చేరేదాకా రెండు సెకన్లు పడుతుంది. మా అమ్మాయికి అంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది, కానీ మా ఎదుటి జట్ల రన్నర్లూ అంత వేగంగా లేరు.

మా క్యాచర్‌ది ఇప్పుడు ఫైనలియర్. మొదటి ఏడు ఆమె బంతి నేలమీద పడి వస్తే కళ్ళు మూసుకుని ముఖం పక్కకి తిప్పేసేది. అందరూ అలాగే చేస్తారు, ఒళ్ళు దానంతటదే తప్పుకుంటుంది. దాన్ని మానిపించడానికి గ్లోవ్ తీసేయించి, చేతులు వెనక్కి కట్టుకోమని, మెత్తటి బంతులు ఛాతీమీదకి విసిరాను. బంతిని పట్టడానికి కాదు, ఒంటితో ఆపడానికి. మోకాళ్ళు రెండూ నేలకి, గడ్డం ఛాతీకి ఆనించి, భుజాలు ముందుకి వంచితే బంతి కవచానికి తగిలి కాళ్ళముందే పడుతుంది. బేస్‌మీదున్న రన్నర్ కదల్లేదు. ఇప్పుడు ఆమె వెనక్కి పోనిచ్చే బంతి మ్యాచ్‌కి ఒకటో రెండో. కొత్త పిచర్లు ముగ్గురూ అడ్డదిడ్డంగా వేస్తారని నాకు తెలుసు. వెనక ఆమె ఉందన్న ధైర్యంతోనే వాళ్ళని దించుతున్నాను.

ఆమె ఈ సీజన్ ఆడుతుందా అన్నది మొన్నటిదాకా తేలలేదు. తండ్రి ఆటో నడుపుతాడు, ఇంట్లో ఇంకో ఇద్దరు చిన్నపిల్లలు. తెలిసినవాళ్ళు ఒక కంపెనీలో ఉద్యోగం చూశారు. అచ్యుతాపురంలో ఇది రోజూ జరిగేదే. ఇక్కడి ప్రత్యేక ఆర్థిక మండలిలో, శ్రీలంకకి చెందిన బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల దుస్తుల పార్కులో వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. పక్కనే ఫార్మా, రసాయన కంపెనీలు. తెల్లారేసరికి కంపెనీ బస్సులు ఊరూరా తిరుగుతాయి. ఆ జీతాలతో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళని, తమ్ముళ్ళని చదివించినవాళ్ళని నేనెరుగుదును. ఉద్యోగం వద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఆమె నా దగ్గరికొచ్చి, "మేడం, బి-షిఫ్ట్ తీసుకుంటే పొద్దున్న ప్రాక్టీస్‌కి వచ్చేయొచ్చు కదా" అంది. రావచ్చు. కానీ అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడాలంటే రెగ్యులర్‌గా కాలేజీకి వచ్చే విద్యార్థి అయ్యుండాలి, వయసు 17 నిండి 25 దాటకూడదు. కాలేజీ మానేసి ఉద్యోగంలో చేరితే ఆట కూడా ఆగిపోతుంది.

వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. "మేడం గారూ, గుంట ఆ ముసుగేసుకుని కూకుంటే నాకు భయమేస్తాది. అయినా ఆడనీ అనుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం వచ్చీసింది. ఈ ఆటవల్ల ఏటొస్తాది, మీరే చెప్పండి" అని అడిగింది. ఆమె అడిగిన ప్రశ్నకి కబుర్లు సమాధానం కావు, కాగితాలే సమాధానం. నేను తీసుకెళ్ళినవి ముందు పెట్టాను.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలన్నీ ఇంటర్ కాలేజియేట్‌లో ఆడతాయి. అక్కడ బాగా ఆడినవాళ్ళని ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు, శిక్షణ శిబిరం పెడతారు. ఆ జట్టు వెళ్ళి దేశంలోని మిగతా విశ్వవిద్యాలయాలతో ఆడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకానికి రకరకాల ధ్రువపత్రాలుంటాయి. ఫారం-1 అంతర్జాతీయ పోటీలకి, ఫారం-2 జాతీయ పోటీలకి, ఫారం-3 అంతర విశ్వవిద్యాలయ పోటీలకి, ఫారం-4 పాఠశాలల జాతీయ పోటీలకి. ఈ నియామకాలకి గుర్తించిన ఆటలు ఒకప్పుడు 43. 2020లో ఆ జాబితాని 63కి పెంచినప్పుడు బేస్‌బాల్ కూడా చేరింది. మన రాష్ట్రంలో 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడల కోటాని 2 శాతం నుంచి 3కి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో క్రీడల కోటా కింద 421 టీచర్ పోస్టులు ప్రకటించారు. ఇవి ఆడినవాళ్ళందరికీ ఉద్యోగం ఇస్తాయని నేను చెప్పలేదు, చెప్పను కూడా. ఆమె చేతిలో డిగ్రీ పట్టా, ఫారం-3 రెండూ ఉంటే దరఖాస్తు పెట్టుకునే తలుపులు కొన్ని ఎక్కువ తెరుచుకుంటాయని చెప్పాను. కంపెనీ ఉద్యోగం వచ్చే ఏడూ ఉంటుంది, ఈ సీజన్ ఉండదు. తండ్రి రాత్రి ఇంటికొచ్చాక మాట్లాడుకుని, డిగ్రీ అయ్యేదాకా ఆగుదామన్నారు.

అందుకే మా జట్టు గురించి రాసేటప్పుడు పిచర్ లేదన్నదానికన్నా క్యాచర్ ఉందన్నదే గట్టిగా చెప్పుకుంటున్నాను. పిల్లల ప్రతిభకి ఈ ప్రాంతంలో కొదవలేదు. మొదటి ఏడు నేర్చుకుని, రెండో ఏడు ఆడి, మూడో ఏడు జట్టుని నడిపించాల్సిన అమ్మాయి ఆ మూడో ఏడు దాకా మిగలడమే అరుదు. మా పక్క కాలేజీల్లోనూ ఇదే కథ. కుర్రాళ్ళైతే పదిహేడున్నర నిండగానే అగ్నివీర్ ర్యాలీల మీద పడతారు.

ఇన్‌ఫీల్డ్ గురించి నాకు దిగుల్లేదు. షార్ట్‌స్టాప్, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేది, ఖో-ఖో నుంచి వచ్చిన అమ్మాయి. నేలమీద జారుతూ వచ్చే బంతికి ఆమె నడుం వంచే తీరు చూడాలి. మా గ్రౌండ్ ఎర్రమట్టి, రాళ్ళూ గుంటలూ ఉన్నది. బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం. గ్లోవ్ ముందే నేలకి ఆనించి, బంతి ఎగిరితే పైకెత్తాలి. పైనుంచి కిందకి దించబోతే కాళ్ళమధ్య నుంచి పోతుంది. ఆమె ఆ తప్పు చేయదు. సెకండ్ బేస్ అమ్మాయి ఆమె ఊరిపిల్లే, ఒకే బస్సులో వస్తారు, ఒకరు కదిలితే ఇంకొకరికి తెలుస్తుంది. ఇద్దరూ సెకండియర్. థర్డ్ బేస్‌కి మొండిగా నిలబడే అమ్మాయి ఉంది.

పెళ్ళయి వెళ్ళే అమ్మాయి స్థానంలో ఫస్ట్ బేస్‌కి ఎడమచేతి వాటం అమ్మాయిని తెస్తున్నాను. అక్కడ ఎడమచేతివాళ్ళు మేలు. కుడిచేతికి గ్లోవ్ తొడుక్కుంటారు కనుక ఇన్‌ఫీల్డ్ వైపుకి చెయ్యి ముందే చాచి ఉంటుంది, సెకండ్‌కి విసరడానికి తిరగనక్కర్లేదు. చిక్కల్లా ఆ గ్లోవ్‌తోనే. కుడిచేతికి తొడిగే గ్లోవ్‌లు దొరకడం కష్టం. ఆమె ఇన్నాళ్ళూ విసిరే ఎడమచేతికే గ్లోవ్ వేసుకుని, బంతి పట్టి, గ్లోవ్ విదిలించి పారేసి, అదే చేత్తో విసిరేది. ఈసారి ఆర్డరిచ్చి తెప్పించాం. దాన్ని మెత్తబరచడానికి నూనె రాసి, మధ్యలో బంతి పెట్టి తాడుతో కట్టి పరుపు కింద పెట్టుకుని పడుకుంటోందట.

ఔట్‌ఫీల్డ్‌కి క్రికెట్ పిల్లలు చాలు. ఆస్ట్రేలియా క్రికెట్ జట్టే ఫీల్డింగ్ నేర్పడానికి మైక్ యంగ్ అన్న అమెరికా బేస్‌బాల్ కోచ్‌ని పెట్టుకుంది. విసరడంలో రెండు ఆటలూ అంత దగ్గర.

బ్యాటింగ్ మా బలహీనత, దాచను. క్రికెట్ బ్యాట్‌ని నిటారుగా దించిన చేతులు అడ్డంగా తిప్పడానికి నెలలు పడుతుంది. అందుకే పెద్ద షాట్ల జోలికి పోవద్దని చెప్తున్నాను. చెడ్డ బంతిని వదిలేయడం, నాలుగు చెడ్డవి పడేదాకా ఓపిక పట్టి ఫస్ట్ బేస్‌కి నడవడం, బంట్ చేసి పరుగెత్తడం. బంట్ అంటే బ్యాట్ తిప్పకుండా అడ్డంపెట్టి బంతిని దగ్గర్లోనే చంపేయడం. మా పిల్లలు చిన్నప్పటి నుంచి ఇసకలో, పొలంగట్ల మీద పరుగెత్తినవాళ్ళు. ఆదివారాలు పూడిమడక తీరంలో ఇసకమీద పరుగు పెట్టిస్తాను. వాళ్ళని బేస్‌మీదకి చేరిస్తే చాలు, మిగతాది కాళ్ళు చూసుకుంటాయి.

ఇక వాతావరణం. మాకు ప్రాక్టీస్ ముమ్మరంగా ఉండాల్సిన అక్టోబరు, నవంబరుల్లోనే బంగాళాఖాతంలో తుపాన్లు లేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని చీల్చిన సంగతి ఈ పిల్లలకి చిన్నప్పటి జ్ఞాపకం. వానలకి గ్రౌండ్ బురదైపోతే కాలేజీ వరండాలో గోడకి బంతులు విసిరిస్తాను. సెమిస్టర్ పరీక్షలు కూడా ఆ దగ్గర్లోనే వచ్చిపడతాయి. లెక్చరర్లు ఇంటర్నల్ పరీక్ష ఒకటి రెండు రోజులు జరిపితే నాకు జట్టు మొత్తం దొరుకుతుంది. చాలామంది జరుపుతున్నారు, వాళ్ళకి నా దండాలు.

పిల్లలకి దూరంగా కనిపించే దీపాలు కూడా ఉండాలి. కుమార్ రాకర్ అన్న పిచర్ తల్లి లలిత భారతీయ మూలాలున్నవారు. అతను 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున మొదటి ఏడాదిలోనే డ్యూక్ జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా, 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఆ ఏడు కాలేజీ ప్రపంచ సిరీస్ గెలిచిన జట్టు వాళ్ళదే. తర్వాత డ్రాఫ్టులో నిరాశ, భుజానికి శస్త్రచికిత్స, మోచేతికి ఆపరేషన్, అన్నీ దాటి 2024 సెప్టెంబరులో టెక్సస్ రేంజర్స్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ మళ్ళీ వస్తున్నాయి, మన క్రికెట్ కూడా. అక్కడ మన దేశం సాఫ్ట్‌బాల్ ఆడుతుందని చెప్పేంత దూరం మనం ఇంకా రాలేదు. కానీ టీవీలో ఆ ఆట వచ్చినప్పుడు మా ఊళ్ళో కనీసం పదహారు ఇళ్ళలో దాన్ని అర్థం చేసుకుని చూసేవాళ్ళుంటారు.

మొత్తంమీద నా అంచనా ఇది. క్యాచర్ గట్టి, షార్ట్‌స్టాప్, సెకండ్ గట్టి, ఫస్ట్ బేస్ నెల రోజుల్లో కుదురుకుంటుంది. పిచింగ్ మొదటి మ్యాచ్‌ల్లో తడబడుతుంది, నడకలు ఎక్కువిస్తాం. బ్యాటింగ్ సాధారణం. ఇంటర్ కాలేజియేట్‌లో సెమీఫైనల్ దాకా తప్పక వెళ్తాం. ముగ్గురు పిచర్ల చేతులూ క్షేమంగా ఉంటే ఫైనల్ ఆడతాం. విశ్వవిద్యాలయం జట్టుకి మా నుంచి ఇద్దరు, క్యాచరూ షార్ట్‌స్టాపూ, ఎంపికవుతారని నా గట్టి నమ్మకం.

చివరిగా రెండు మాటలు. అచ్యుతాపురం, రాంబిల్లి, మునగపాక, యలమంచిలి చుట్టుపక్కల ఇంటర్ చదివే అమ్మాయిల్లో రాయి విసిరితే దూరం పోయే చెయ్యున్నవాళ్ళు, సాఫ్ట్‌బాల్, ఖో-ఖో, జావెలిన్ ఆడినవాళ్ళు ఉంటే, డిగ్రీలో ఏ కాలేజీలో చేరినా సరే, మొదటి వారంలోనే అక్కడి పీడీని కలవమని చెప్పండి. కంపెనీల్లో నియామకాలు చూసేవాళ్ళకి నా మనవి ఒకటే. ఫైనలియర్‌లో ఉన్న క్రీడాకారిణి మీ దగ్గరికి ఉద్యోగానికి వస్తే, పరీక్షలయ్యాక చేరమని ఆఫర్ కాగితం ఇచ్చి పంపండి. ఆమె డిగ్రీ ఆగదు, ఆట ఆగదు, మీకూ మంచి ఉద్యోగిని దొరుకుతుంది.